ఫిట్టరు కోసం ప్రార్థన

ఈ మధ్య మా బంధువుల అమ్మాయి ఒకతె హైదరాబాదులో ఉద్యోగంలో చేరి, తన పని ఏమిటో నాకు ఓపిగ్గా వివరించింది. ఉద్యోగం వెతుక్కోనివాళ్ళను వెతకడమట ఆమె ఉద్యోగం. ఎవరు ఏ కంపెనీలో హాయిగా ఉన్నారో కంప్యూటరులో చూసి, మెల్లగా మాట కలిపి, కాఫీకి పిలిచి, మనసు మార్చి తమ కంపెనీకి తీసుకురావాలట. దానికి రెండు రోజులు శిక్షణ కూడా ఇచ్చారట. అంతా విని, ఇదే పని నేను తిరువూరులో బస్సెక్కి చేసేవాణ్ణని చెప్పాను. ఆ అమ్మాయి పెద్దవాణ్ణి కదా అని నవ్వి ఊరుకుంది. అందుకే ఇది రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన మీలాంటివాళ్ళకు పనికొస్తే సంతోషం. పనికిరాకపోతే నన్ను చూసి నవ్వుకోవచ్చు, అదీ పనే.

నేను ఇరవై ఆరేళ్ళు తిరువూరు చివర ఒక జిన్నింగ్ మిల్లులో చేసి, మూడేళ్ళ కింద రిటైరయ్యాను. రైతులు తెచ్చిన పత్తిలోంచి గింజను వేరు చేసి, దూదిని బేళ్ళు కట్టి పంపే మిల్లు అది. నా గది తలుపు మీద మొదట్లో 'మేనేజరు' అని ఉండేది. తర్వాత మా యజమాని ఎక్కడో చూసొచ్చి 'హెచ్.ఆర్. మేనేజరు' అని బోర్డు మార్పించాడు. బోర్డు తప్ప ఇంకేమీ మారలేదు. కుర్చీ కూడా అదే, ఒక కాలు కిర్రుమనేది.

మిల్లులో ఎంతమంది ఉన్నా అందరి బతుకూ ఫిట్టరు చేతిలో ఉంటుంది. ఒక్కో మిషనులో తోలు రోలర్లు ఉంటాయి, వాటిని ఆనుకుని కత్తి ఉంటుంది. రోలరుకూ కత్తికీ మధ్య సందు సరిగ్గా ఉంటే దూది ఒకవైపు, గింజ ఒకవైపు పడతాయి. కొంచెం బిగిస్తే రోలరు మాడుతుంది. కొంచెం వదిలితే గింజ నలిగి దూదిలో కలుస్తుంది, ఆ బేళ్ళను కొన్నవాళ్ళు వెనక్కి పంపుతారు. ఈ సందు కొలవడానికి పరికరాలు ఉన్నాయి. కానీ అసలైన ఫిట్టరు చేత్తో తడిమి, చెవితో విని సరిచేస్తాడు. ఆ చెవి ఉన్నవాళ్ళు మా చుట్టుపక్కల మండలాల్లో ఇద్దరే ఉండేవాళ్ళు.

ఆ ఇద్దరిలో ఒకడు మా మిల్లులోనే ఉండేవాడు. ఒక ఏడాది వినాయక చవితి వెళ్ళిన వారంలో స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆరు నెలలు మంచం దిగకూడదన్నారు. దసరా వెళ్ళగానే కొత్త పత్తి వస్తుంది. ఈలోగా మిషన్లన్నీ విప్పి, రోలర్లు మార్చి, సందులు సరిచేయాలి. అంటే నాకు ఉన్నవి ఐదు వారాలు. మా యజమాని పొద్దున్నే ఫోను చేసి 'దొరికాడా' అనేవాడు. సాయంత్రం ఫోను చేసి 'దొరకలేదా' అనేవాడు. మిల్లు మొదలుకాకపోతే ముందు పోయేది నా ఉద్యోగమేనని చెప్పకుండానే చెప్పేవాడు.

అంతకంటే పెద్ద బరువు వేరే ఉంది. మిషన్లలో పత్తి వేసేది ఆడవాళ్ళు, అరవై మంది. తిరువూరు వాడల నుంచి, ఎ.కొండూరు వైపు ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు. వాళ్ళ ముఠాకి పెద్ద అయిన ఒకామె ప్రతి సోమవారం మిల్లుకు వచ్చి నా గుమ్మం దగ్గర నిలబడేది. మూడో సోమవారం ఇక ఆగలేక అడిగేసింది.

"మిల్లు తిరుగుద్దా లేదా ఒక్క మాట చెప్పండి సార్. తిరగదంటే పత్తి తీతలకి తెలంగాణ వైపు పోవాలి. పోతే పిల్లల్ని బడి మానిపించి వెంట తీసుకుపోవాలి."

తిరుగుతుందని చెప్పాను. అంత ధైర్యంగా అబద్ధం చెప్పడం నాకు అదే మొదటిసారి.

నా ధైర్యమంతా ఆ రెండో ఫిట్టరు. పెనుగొలను వైపు ఒక పెద్దాయనకు నాలుగు మిషన్ల చిన్న మిల్లు ఉండేది. ఫిట్టరు అక్కడే పాతికేళ్ళుగా పనిచేస్తున్నాడు. గేటు దగ్గర నిలబడి విని, లోపల ఏ మిషను మూలుగుతున్నదో చెప్పేవాడని పేరు. ఇంత పేరున్నా ఏనాడూ ఇంకో మిల్లు గుమ్మం ఎక్కలేదు. పని మారాలన్న ఆలోచన ఉన్న మనిషైతే ఏదో ఒక టీ కొట్టు దగ్గర ఒక మాట బయటపడుతుంది. ఇతని నోటి నుంచి అటువంటి మాట ఎవరూ వినలేదు.

ముందు ఫోను చేశాను. గొంతులో తేనె పోసుకుని, మీకొక మంచి అవకాశం ఉందండీ అన్నాను. తనకు లోను అక్కర్లేదని చెప్పి పెట్టేశాడు. రెండోసారి చేస్తే ఎత్తలేదు.

అప్పుడు నా అనుభవాన్నంతా బయటికి తీశాను. చేతి పని తెలిసినవాడితో ఉద్యోగం మాట ముందు ఎత్తకూడదు, పని మాట ఎత్తాలి. కాబట్టి అరిగిపోయిన రోలరు ఒకటి గోనెసంచిలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని అతని మిల్లుకు వెళ్ళాను. పక్క సీటాయన అదేమిటని అడిగాడు. రోలరంటే నమ్మలేదు, మధ్యలోనే సీటు మారాడు.

ఫిట్టరు యాభై దాటిన మనిషి, సన్నగా, పొడుగ్గా, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక గుడ్డపీలిక పెట్టుకుని ఉంటాడు. రోలరును నేల మీద దొర్లించి ఒక్కసారి చూశాడు. తోలు మీద గాడులు కోసినవాడికి చెయ్యి తిరగలేదన్నాడు. ఏ మిషనులో ఎటువైపు వాడారో కూడా చెప్పాడు. సున్నితంగా రెండు గాడులు దిద్ది, ఇలా కోయించండని చూపించి, నాకు టీ తెప్పించి, నా సంచి నాకు కట్టిచ్చి, తిరువూరు బస్సు వచ్చే వేళయిందని గుర్తు చేశాడు. నేను బస్సెక్కి పెనుగొలను దాటాక గాని వచ్చిన పని ఎత్తనే లేదని గుర్తుకు రాలేదు. మర్యాద చేసి పంపేసే విద్యలో అతను నాకంటే పెద్ద ఫిట్టరు.

మూడో ప్రయత్నం చర్చి. అతను ఆదివారం తప్పకుండా ప్రార్థనకు వెళ్తాడని తెలిసింది. ఆరాధన అయ్యాక చెట్టు నీడన నిలబడి నిదానంగా మాట్లాడవచ్చని నా లెక్క. ఇక్కడ నా అజ్ఞానం కొంత చెప్పాలి. మాదీ క్రైస్తవ కుటుంబమే, కానీ ఆర్.సి.ఎం., అంటే రోమన్ కాథలిక్కులం. మా గుడిలో పూజకు ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో ఎవరూ అడగరు. వెనక బల్ల మీద కూర్చుని, దివ్యసత్ప్రసాదం తీసుకుని, ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోవచ్చు. ప్రొటెస్టెంటు సంఘాల్లో పద్ధతి వేరని విన్నాను గాని, నా మీదికి వస్తుందనుకోలేదు.

చిన్న చర్చి. చాపలు పరిచి ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు. నేను గోడకు ఆనుకుని ఎవరికీ కనబడకుండా కూర్చున్నాననుకున్నాను. రెండు పాటలయ్యాక పాస్టరుగారు చిరునవ్వుతో, ఈ రోజు మన మధ్యకు ఒక కొత్త సహోదరుడు వచ్చాడు, లేచి నిలబడి ఎక్కడి నుంచి వచ్చారో, ప్రార్థన అంశం ఏమిటో చెప్పాలి అన్నారు. తలలన్నీ తిరిగాయి. ఫిట్టరు తల కూడా.

బంధువుల ఇంటికి వచ్చానని చెప్పాలని దారి పొడుగునా అనుకున్నాను. కానీ లేచి నిలబడ్డాక, ఎదురుగా గోడ మీద పెద్దక్షరాలతో బైబిలు వాక్యం ఉండగా, అబద్ధం గొంతు దాటలేదు. తిరువూరు నుంచి వచ్చానని, జిన్నింగ్ మిల్లులో పనిచేస్తానని, మా మిల్లుకు మంచి ఫిట్టరు దొరకాలని ప్రార్థన చేయమని చెప్పాను. పేరు చెప్పలేదు కదా, తెలివిగా తప్పించుకున్నానని కూర్చున్నాను. ఆ ఊరికంతటికీ ఉన్నది ఒక్కడే ఫిట్టరని కూర్చున్నాక తట్టింది.

పాస్టరుగారు మంచి మనిషి, ఏ మనవినీ పైపైన వదిలేవారు కాదు. మా మిల్లు కోసం, అరవై మంది స్త్రీల కోసం (అది కూడా నేనే చెప్పాను కాబోలు), తిరగాల్సిన చక్రాల కోసం, ఆ పనికి దేవుడు ముందే ఏర్పరచుకున్న బిడ్డ హృదయం కదలాలని చాలాసేపు కన్నీళ్ళతో ప్రార్థించారు. చివర అందరూ బిగ్గరగా ఆమేన్ అన్నారు. నేను ఒక కన్ను తెరిచి చూశాను. ఫిట్టరు కూడా ఆమేన్ అన్నాడు. అనకపోతే బాగుండదు కదా మరి.

బయటికి వచ్చాక నలుగురు ఆడవాళ్ళు అతని చుట్టూ చేరి, ఎప్పుడు వెళ్తున్నావన్నా అని అడగడం విన్నాను. అతను నా వైపు ఒక చూపు చూసి సైకిలెక్కి వెళ్ళిపోయాడు. చెట్టు నీడ నాకు ఒక్కడికే మిగిలింది.

మర్నాడు పొద్దున్నే మా మిల్లు గేటులోకి ఒక పాత స్కూటరు వచ్చింది. తెల్ల పంచె, తెల్ల చొక్కా, భుజం మీద తువ్వాలు. ఆ ఫిట్టరు యజమాని, డెబ్భై దాటిన పెద్దాయన. మా యజమాని కిటికీలోంచి చూసి, విజయవాడలో అర్జెంటు పని గుర్తొచ్చిందని వెనక గుమ్మం గుండా కారెక్కాడు. మిగిలింది నేను, నా కిర్రు కుర్చీ.

పెద్దాయన కూర్చుని మంచినీళ్ళు అడిగాడు. గ్లాసు పూర్తిగా తాగి కింద పెట్టి, దేవుణ్ణి అడిగారు, సంఘాన్ని అడిగారు, నన్నొక్కణ్ణీ అడగాలని తోచలేదా అన్నాడు. నేను తప్పయిందన్నాను. తిట్లు మొదలవుతాయని చూస్తున్నాను. ఆయన తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకుని మెల్లగా చెప్పాడు.

"మూడేళ్ళ కిందనే మూసెయ్యాల్సిన మిల్లండి అది. మా అబ్బాయిలు విజయవాడలో వ్యాపారాలు చూసుకుంటా, ఎందుకు నాన్నా ఆ ఇనప సామాను అంటానే ఉన్నారు. వాడి కోసం నడుపుతున్నా. యాభై దాటినోణ్ణి ఎవరు పెట్టుకుంటారులే అనుకున్నా. నిన్న తెలిసింది, వాడి కోసం ఊరూరా ప్రార్థనలు జరుగుతున్నాయని. తీసుకుపోండి. నేనన్నానని మాత్రం వాడికి చెప్పమాకండి, వెళ్ళగొట్టాననుకుంటాడు."

మాట ఇచ్చాను. ఆయన స్కూటరు గేటు దాటకముందే నా మనసు గంతులేసింది. ఆ మధ్యాహ్నమే బస్సెక్కి ఫిట్టరు ఇంటికి వెళ్ళాను. ఈసారి డొంకతిరుగుడు లేకుండా అడిగాను. మీరే ఆమేన్ అన్నారు కదా అని కూడా అన్నాను. అందరూ అంటే అన్నానన్నాడు. తర్వాత అరుగు మీద నా పక్కన కూర్చుని, గొంతు తగ్గించి చెప్పాడు.

"నేనొస్తే అయ్యగారు మిల్లు మూసేస్తారు సార్. ఇంకో ఫిట్టర్ని తెచ్చుకునే ఓపిక ఆయనకి లేదు. పొద్దున లేస్తే మిల్లే ఆయనకి. అది లేకపోతే మనిషి మిగలడు. అందుకే ఎవరు పిలిచినా రావట్లేదు. నేనన్నానని ఆయనకి చెప్పమాకండి."

దానికీ మాట ఇచ్చాను. తిరుగు బస్సులో కూర్చున్నాక నా పరిస్థితి నాకు అర్థమైంది. ఒకాయన ఇతని కోసం నష్టానికి మిల్లు నడుపుతున్నాడు. ఇతను ఆయన కోసం పని మారకుండా కూర్చున్నాడు. ఇద్దరూ మూడేళ్ళుగా ఒకరికొకరు త్యాగాలు చేసుకుంటూ, ఆ సంగతి చెప్పకూడదని ఇద్దరూ నాకే చెప్పారు. అన్నేళ్ళ ఉద్యోగంలో ఎందరి రహస్యాలో కడుపులో దాచుకున్నాను గాని, ఇవి రెండూ పక్కపక్కన ఇమడలేదు. రెండు రోజులు నాకు అన్నం సహించలేదు.

గురువారం పొద్దున ఆ చిన్న మిల్లుకు వెళ్ళాను. పెద్దాయన కాటా పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఫిట్టరు మిషనుకు నూనె పెడుతున్నాడు. ఇద్దరికీ మధ్యలో నిలబడి, ఇద్దరికీ ఇచ్చిన మాట ఒకేసారి తప్పుతున్నానని చెప్పి, ఎవరు ఎవరి కోసం ఏం చేస్తున్నారో ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఇది హెచ్.ఆర్. పద్ధతుల్లో ఎక్కడా ఉండదు. మీరు నేర్చుకోవద్దు.

పెద్దాయన ఫిట్టరు వైపు తిరిగి అన్నాడు.

"నా కోసం ఉంటున్నావంట్రా?"

"మీరు నా కోసం నడుపుతున్నారని నాకేం తెలుసయ్యగారూ."

అక్కణ్ణించి మొదలైంది. కిందటేడు కొత్త బెల్టు కొన్నది ఎవడి కోసం అని ఈయన. సత్తుపల్లి మిల్లువాళ్ళు కబురు పంపితే వద్దన్నది ఎవరి కోసం అని అతను. ఒకరినొకరు తిట్టుకోవడానికి మూడేళ్ళ సరుకు పోగుపడి ఉంది. అది అయిపోయాక ఇద్దరూ కలిసి నా మీద పడ్డారు. మాట ఇచ్చి ఇలా బయటపెడతారా, మీరు పెద్దమనిషేనా అన్నారు. నిజమే. తల వంచుకుని పడ్డాను.

చివరికి పెద్దాయనే లేచి వెళ్ళి మెయిన్ స్విచ్ దింపాడు. మిషన్లు ఆగాయి. ఫిట్టరు జేబులో గుడ్డపీలిక తీసి చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టి, చేతులు శుభ్రమయ్యాక కూడా తుడుచుకుంటూనే ఉన్నాడు. నేను అనుకున్నది సాధించాను. కానీ ఆ నిశ్శబ్దంలో నిలబడితే నాకు సంతోషం కలగలేదు, సిగ్గనిపించింది. ఎవరినో ఎక్కణ్ణించో తీసుకొచ్చామని మనం చెప్పుకుంటాం. తీసుకొచ్చిన చోట ఏమి మిగిలిందో చూడడానికి ఆగం. ఆ రోజు బస్సు ఆలస్యం కావడం వల్ల చూశాను.

సోమవారం ఫిట్టరు మా మిల్లులో చేరాడు. మొదటి రోజు మిషన్ల మధ్య ఊరికే తిరిగి, గోడ మీద సుద్దతో ఏవో గీతలు గీశాడు. తర్వాత అన్నం కూడా మిషను పక్కనే తిని పనిచేశాడు. అనుకున్న ముహూర్తానికి రెండు రోజులు ఆలస్యంగా మిల్లు తిరిగింది. ముఠా పెద్ద నా గుమ్మంలోకి వచ్చి, తల ఊపి వెళ్ళిపోయింది. పిల్లలు బడి మానలేదు. మా యజమానికి విజయవాడలో పని పూర్తయింది.

కథ ఇక్కడితో అయిపోయిందనే చాలాకాలం అందరికీ చెప్పుకున్నాను. చర్చి ముక్క దగ్గర జనం బాగా నవ్వేవారు. ఆ తర్వాతి సంగతి చెప్పేవాణ్ణి కాదు. ఇప్పుడు చెబుతున్నాను.

మిల్లు మొదలైన వారానికి ఆ పెద్దాయన స్కూటరు మీద వచ్చాడు. ఫిట్టరును చూసుకోవడానికి వచ్చాడనుకున్నాను. నా గదిలోకి పిలిచి, ఫ్యాను కింద మంచి కుర్చీ వేసి, సాసరుతో టీ ఇప్పించాను. రెండు రోజులాగి మళ్ళీ వచ్చాడు. తర్వాత దాదాపు రోజూ పది గంటలకు వచ్చేవాడు. టీ తాగి, పత్తి దించే చోటికి వెళ్ళి, పత్తి నింపిన బోరెం సంచిలోంచి పిడికెడు లాగి, వేళ్ళతో సాగదీసి, గింజ తీసి కొరికి చూసి ఉమ్మేసేవాడు. ఒకసారి ఒక లోడు చూపించి, ఇది తడి పత్తి, మిగతాదాంట్లో కలపొద్దని మా కొనుగోలు గుమాస్తాతో అన్నాడు. గుమాస్తా తేమ చూసే మిషను చూపించి, సరిగ్గానే ఉందండీ అని నవ్వాడు. నేనూ నవ్వాను. మూడో రోజు ఆ పోగులో చెయ్యి పెడితే లోపల వేడెక్కి ఉంది, పత్తి పసుపు తిరిగింది. వాతావరణం మీదికి నెట్టి రిపోర్టు రాశాను. ఆయనకు మాత్రం రోజూ టీ తప్పకుండా ఇప్పిస్తున్నాను. పెద్దవాళ్ళను గౌరవించడం తెలిసినవాణ్ణని నా గురించి నాకు మంచి అభిప్రాయం ఉండేది.

నెల కావస్తుండగా ఒక మధ్యాహ్నం ఫిట్టరు నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"పని అక్కర్లేని నా కోసం సంఘం చేత ప్రార్థన చేయించారు సార్. పని కావాలని రోజూ మీ ఎదురుగా వచ్చి కూర్చుంటున్న మనిషికి టీ ఇచ్చి పంపుతున్నారు."

అని పనిలోకి వెళ్ళిపోయాడు. వందలమందిని చూశాను, ఎవరు పని మారతారో నడక చూసి చెబుతానని గొప్పలు పోయాను. పొలం, మిల్లు, పదిమందికి పని ఇచ్చిన చెయ్యి ఉన్న మనిషి పని అడగలేడని, అడగలేక వచ్చి కూర్చుంటాడని నాకు తట్టలేదు. ఆయన నాలుగు మిషన్లు ఆపించింది నేనే.

మా యజమానితో ఆ సాయంత్రమే మాట్లాడాను. పసుపు తిరిగిన పత్తి సంగతి ఈసారి నిజం చెప్పాను, అందువల్ల పని తేలికైంది. మర్నాడు పొద్దున పెద్దాయన ఇంటికి వెళ్ళాను. గోనెసంచి లేదు, చుట్టూ తిప్పే మాటలు లేవు. మా వాళ్ళకు పత్తి చూడడం రాదని, మిషను చెప్పని తేమ మీ పళ్ళకు తెలుస్తుందని, మీరు వచ్చి లోడు లోడు చూసి పెట్టాలని, ఇది మర్యాదకు అంటున్న మాట కాదు, ఉద్యోగమని చెప్పాను. ముందే అడగాల్సిందని, ఆలస్యం చేశానని కూడా చెప్పాను.

ఆయన చాలాసేపు తువ్వాలు అంచు చూసుకుంటూ కూర్చున్నాడు. ఊళ్ళో ఏమనుకుంటారో అంటాడని, మా అబ్బాయిలు ఒప్పుకోరంటాడని, వాటన్నిటికీ నేను బస్సులో జవాబులు తయారు చేసుకుని వెళ్ళాను. ఒక్కదానికీ అవసరం రాలేదు.

"పొద్దున ఎన్నింటికి రమ్మంటారు?" అన్నాడు.

తొమ్మిదికి అన్నాను. మర్నాడు ఎనిమిదింటికే వచ్చాడు.